స్పైక్ అతుక్కుంటే సరిపోదు, పొరలు కలవాలి

కరోనా వైరస్ మీద ముల్లులా పొడుచుకుని ఉండే స్పైక్ ప్రోటీన్ వెళ్ళి మన కణం మీదున్న ఏసీఈ2 అనే ప్రోటీన్‌కి అతుక్కుంటే వైరస్ లోపలికి వచ్చేసినట్టేనా అని ఒకరు అడిగారు. కాదండీ. నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నా, ల్యాబ్‌లో కళ్ళారా చూశాకే తెలిసింది.

2021లో అసలు వైరస్సే లేకుండా ఒక ప్రయోగం చేశాం. కొన్ని కణాల చేత స్పైక్ తయారు చేయించి వాటికి ఆకుపచ్చ రంగు, ఇంకొన్నిటికి ఏసీఈ2 పెట్టి ఎరుపు, రెండూ కలిపి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున్నే మైక్రోస్కోప్ కింద పెడితే, పెనం మీద పక్కపక్కన పోసిన అట్లు అంచులు కలిసి ఒకటైపోయినట్టు కణాలన్నీ పెద్ద ముద్దలైపోయాయి, రంగులు కలిసి పసుపు, ఒక్కో ముద్దలో పదేసి కేంద్రకాలు గుత్తిగా. ఫ్యూరిన్ అనే, ప్రోటీన్లని కోసే ఎంజైమ్ కోసే చోటుని మార్చేసిన స్పైక్ ఉన్న ప్లేట్‌లో మాత్రం అది ఏసీఈ2ని పట్టుకుంటూనే ఉంది, ముద్దలు మాత్రం దాదాపు లేవు. ఆ ప్లేట్ ఎంతసేపు చూశానో!

ఎందుకంటే స్పైక్‌లో ఎస్1 పట్టుకునే భాగం, ఎస్2 కలిపే భాగం. ఎస్2 బిగించి పెట్టిన స్ప్రింగ్ లాంటిది, అది ఊడాలంటే కోతలు పడాలి. మొదటి కోత వైరస్ తయారయ్యేటప్పుడే ఫ్యూరిన్ వేస్తుంది, రెండోది మన కణం మీదున్న టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఇంకో ఎంజైమ్ వేస్తుంది. అప్పుడు ఎస్1 ఊడిపోయి, ఎస్2 కొస మన పొరలో గుచ్చుకుని, మళ్ళీ వెనక్కి మడత పడుతూ వైరస్‌ది, మన కణానిది, రెండు కొవ్వు పొరల్నీ దగ్గరికి లాగేస్తుంది, అవి కలిసి రంధ్రం పడితే వైరస్ జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏ లోపలికి. ఫైజర్, మోడెర్నా టీకాల్లోని స్పైక్‌లో 986, 987 స్థానాల్లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు రెండు పెట్టింది ఈ స్ప్రింగ్ ముందే ఊడకుండా ఉండడానికే.

టీఎంపీఆర్ఎస్ఎస్2 లేని కణాల్లో వైరస్ ఇంకో దారి పడుతుంది, సంచిలాంటి ఎండోజోమ్‌లోకి వెళ్తే అక్కడి ఆమ్లంలో కెథెప్సిన్ ఎల్ అనే ఎంజైమ్ ఆ రెండో కోత వేస్తుంది. కోవిడ్‌కి పనికొస్తుందని మొదట్లో అందరూ ఆశపడ్డ మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అందుకే కోతి కిడ్నీ నుంచి తీసిన వెరో కణాల్లో బాగా పనిచేసినట్టు కనిపించింది, మన ఊపిరితిత్తుల కణాల్లో కోత కణం పైనే పడిపోతుంది కాబట్టి అక్కడ వైరస్‌ని ఆపలేకపోయింది. 2020 ఏప్రిల్‌లో మా నాన్న కోసం ఆ మాత్రల స్ట్రిప్ ఒక్కటైనా దొరుకుతుందేమోనని కూకట్‌పల్లిలో మెడికల్ షాపులన్నీ తిరిగా. ఈ రెండు దారుల సంగతి అప్పుడే తెలిసుంటే అంత భయపడేదాన్ని కాదు.