కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేయిస్తే కారు పవర్ నిజంగా పెరుగుతుందా?

మీ పెట్రోల్ కారుకి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజన్‌కి చల్లగాలి అందుతుందని చెప్పి అమ్మే పైపూ ఫిల్టరూ) వేస్తే పది హార్స్‌పవర్ పెరుగుతుందని షాపులో చెప్పారు, నిజమేనా అని అడిగారు కదా. సరిగ్గా ఇదే మాట నాక్కూడా చెప్పారండి, నేను నమ్మి డబ్బులు కూడా కట్టాను. సౌండ్ మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతుంది, అందులో మోసం లేదు. పవర్ సంగతికొస్తే కొంచెం పొడుగు కథ.

నాది రెండో తరం స్విఫ్ట్ పెట్రోల్, 1197 సీసీ, కంపెనీ లెక్కలో 6000 ఆర్‌పీఎం దగ్గర 87 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే అనుకోండి), 4000 దగ్గర 114 ఎన్‌ఎం టార్క్. ఉండేది హైదరాబాద్‌లో, పండక్కీ పబ్బానికీ విజయవాడ వెళ్ళొస్తుంటాం. హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంకొంచెం పికప్ ఉంటే బాగుండు అనిపించేది, ఆ బలహీనత మీదే దెబ్బకొట్టారు. ఎనిమిది వేల చిల్లర అయింది. కంపెనీ ఫిల్టర్ పెట్టె మొత్తం పీకేసి, దాని ప్లేసులో ఒక అల్యూమినియం పైపు, చివర ఎర్రటి కోన్ ఫిల్టర్ బిగించారు. బానెట్ ఎత్తితే చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! "పికప్ చూడన్నా ఇప్పుడు" అన్నాడు బిగించిన కుర్రాడు, నేను కూడా యాక్సిలరేటర్ తొక్కగానే ఆ గుర్రుమనే శబ్దానికి బండి ఎగిరిపోతోందనే అనుకున్నా. మా ఆవిడ ఎక్కి రెండు నిమిషాలు కూర్చుని ఒకటే మాట అడిగింది, సైలెన్సర్ ఏమన్నా ఊడిందా అని.

ఆ అనుమానం బుర్రలో పడ్డాక ఊరుకోలేకపోయా. బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే కారు సెన్సర్ల రీడింగులు చూపించే పరికరం ఒకటి కొని ఫోన్‌కి కలిపాను, అందులో ఇంజన్‌లోకి వెళ్ళే గాలి టెంపరేచర్ కనిపిస్తుంది. బయట 34 డిగ్రీలున్న రోజు 60 స్పీడులో పోతుంటే కోన్ ఫిల్టర్‌తో 45 చూపించింది, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఇరుక్కుంటే 68 దాకా వెళ్ళింది. తర్వాత ఒక ఆదివారం పాత పెట్టె తిరిగి బిగించి అదే రూట్లో వెళితే నడుస్తున్నప్పుడు 38, సిగ్నల్లో 52. అంటే కోల్డ్ ఎయిర్ అని పేరు పెట్టి వేడిగాలి అమ్మారన్నమాట, ఎందుకంటే కోన్ ఫిల్టర్ బానెట్ కింద రేడియేటర్ వెనకాల పెట్టె ఏమీ లేకుండా తెరిచే ఉంటుంది, ఇంజన్ కక్కే వేడినే మళ్ళీ పీలుస్తుంది. కంపెనీ పెట్టెకేమో ఒక తొండంలాంటి పైపు ఉంటుంది చూడండి, అది ముందు గ్రిల్ దగ్గర్నుంచి బయటి గాలిని లాక్కుంటుంది. అసలైన కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ మన కారులో మొదటి రోజు నుంచే ఉంది, నల్ల ప్లాస్టిక్ కాబట్టి దానికి విలువ లేదు, అంతే.

చల్లగాలి వల్ల లాభం ఉందన్న మాట అబద్ధం కాదు. గాలి చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది, అదే సిలిండర్‌లో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, దానికి తగ్గ పెట్రోల్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోస్తుంది. కానీ ఎంత? మన ఎండల్లో పది డిగ్రీలు తేడా వస్తే సాంద్రత మారేది మూడు శాతం చుట్టూ. 87లో మూడు శాతం అంటే రెండున్నర పీఎస్. అది కూడా ఫుల్లుగా తొక్కి 6000 దగ్గర తిప్పినప్పుడు. ఇక నా కేసులో గాలి ఇంకా వేడెక్కింది కాబట్టి ఆ రెండున్నర పోయే వైపే ఉన్నాం.

సరే, వేడి మాట వదిలేయండి, ఫిల్టర్ ఫ్రీగా ఉంటే గాలి ఎక్కువ వస్తుంది కదా అంటారు. దీన్ని తేల్చడానికి ఒక చిట్కా ఉంది, ఇది మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేసి అదే స్కానర్‌లో మ్యానిఫోల్డ్ ప్రెషర్, అంటే సిలిండర్లకి గాలి పంచే పైపుల్లో ఒత్తిడి చూడండి, హైదరాబాద్ ఎత్తుకి 95 కిలోపాస్కల్స్ చుట్టూ చూపిస్తుంది, అది బయటి గాలి ఒత్తిడి. తర్వాత ఖాళీ రోడ్డు మీద పక్కన ఒకర్ని కూర్చోబెట్టి ఫుల్ యాక్సిలరేటర్‌లో అదే రీడింగ్ చూడమనండి. నాకు కంపెనీ పెట్టెతో 92, 93 వచ్చింది. అంటే తొండం, ఫిల్టర్, థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) అన్నీ కలిపి అడ్డుపడేదే రెండు మూడు కిలోపాస్కల్స్. ఫిల్టర్ మొత్తం పీకి పారేసినా తిరిగి సంపాదించేది అందులో ఓ ముక్కే, ఇంక పది హార్స్‌పవర్ ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?

స్టాప్‌వాచ్ కూడా పట్టాం మా బావమరిది, నేను. పొద్దున్నే ఐదున్నరకి, మూడో గేర్, 40 నుంచి 80 దాకా, రెండు వైపులా కలిపి ఐదేసి సార్లు, ఏసీ ఆపి. పెట్టెతో సగటున 8.6 సెకన్లు, కోన్‌తో 8.8. ఆ తేడా మావాడి బొటనవేలు తేడా కూడా కావచ్చు, అందుకని కోన్ వల్ల తగ్గిందని కూడా నేను అనను. కానీ ఏసీ వేసి చేస్తే 9.5 అయింది. లారీ దాటేటప్పుడు ఓ పది సెకన్లు ఏసీ ఆపుకోవడం మేలు, ఎనిమిది వేలు మిగిలేవి.

మైలేజీ పెరుగుతుందని కూడా అంటారు, అది మరీ విడ్డూరం. మామూలుగా నడిపేటప్పుడు గాలిని ఆపేది థ్రాటిలే, ఫిల్టర్ కాదు. 2009లో అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్ళు పరీక్షిస్తే ఈకాలపు ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ ఉన్నా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కొత్తది వేస్తే యాక్సిలరేషన్ మాత్రం బాగుపడింది. కాబట్టి మీ ఫిల్టర్ బూజు పట్టినట్టుంటే మామూలు పేపర్ ఫిల్టర్ మార్చండి చాలు. కోన్‌లో వాడే ఆయిల్ పూసిన కాటన్ సాధారణంగా పేపర్ ఆపినంత సన్నటి దుమ్ము ఆపదు, మన రోడ్ల దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఆయిల్ ఎక్కువ పూస్తే కొన్ని కార్లలో లోపలికొచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ కూడా పాడవుతుంది.

ఇంకో రకం ఉంది, పైపు కిందకి దించి బంపర్ వెనకాల ఫిల్టర్ పెడతారు. దానికి నిజంగానే చల్లగాలి అందుతుంది. నీళ్ళు కూడా అందుతాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు మా ఫ్రెండ్ బండి ఇలాగే పోయింది, మోకాలి లోతు కూడా లేవు నీళ్ళు. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీళ్ళని నొక్కలేదు, వంగింది కనెక్టింగ్ రాడ్. పైగా ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోలేదు, క్లెయిమ్ రాలేదు, పాపం ఆ నెలంతా బస్సులో తిరిగాడు. మీరుండేది లోతట్టు ఏరియా అయితే ఆ రకం జోలికి అస్సలు పోవద్దు. వారంటీలో ఉన్న బండి అయితే ఏ రకమైనా ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, తర్వాత ఏం జరిగినా ఈ పైపునే చూపిస్తారు.

నా కోన్ ఫిల్టర్ ఇప్పుడు అటక మీద ఉంది. అమ్మేద్దామంటే కొనేవాడికి నిజం చెప్పాలి, చెప్తే కొనడు.

మీది ఏ కారో రాయలేదు. టర్బో పెట్రోల్ (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెట్టే రకం) అయితే లెక్క కొంచెం వేరు, రీమ్యాప్ చేయించి, అంటే ఈసీయూలో సెట్టింగులు మార్పించి, బూస్ట్ (ఆ నెట్టే ఒత్తిడి) పెంచితే అప్పుడు గాలి దారి వెడల్పు చేయడంలో అర్థం ఉంటుంది, అయినా ఎక్కువ లాభం రీమ్యాప్‌దే, పైపుది కాదు. మోడలూ సంవత్సరమూ చెప్పండి, ఆ తొండం ఎక్కడుంటుందో చూసి చెప్తా.