స్నోమొబైల్ స్లైడ్‌లు 800 మైళ్లకే అరిగిపోతే ముందుగా చూడవలసినది

క్లుప్తంగా మీ ప్రశ్న ఇది: మీరు ఒకరు వాడిన స్నోమొబైల్‌ను కొన్నారు, మంచు మీద నడిచే ఆ బండికి కొత్తగా వేయించిన, అడుగున తిరిగే రబ్బరు పట్టా (ట్రాక్) రాసుకుంటూ జారే ప్లాస్టిక్ పట్టీలైన స్లైడ్‌లు 800 మైళ్లకే ఇక మార్చాలని చూపే హద్దు గీత దాకా అరిగిపోయాయి, ట్రాక్ లోపలి క్లిప్పుల అంచులు కూడా పదునెక్కాయి. ఇప్పుడు ఖరీదైన గ్రాఫైట్ రకం స్లైడ్‌లు వేయించాలా, బరువును పంచుకునే అదనపు చక్రాలు బిగించాలా అని అడిగారు. ప్రస్తుతానికి రెండూ కొనవద్దనే చెబుతాను. తీసేసిన పాత స్లైడ్‌లు ఇంకా మీ దగ్గరే ఉంటే వాటిని నేల మీద పక్కపక్కన పరచి, ముందు కొస నుంచి వెనుక కొస దాకా మందం ఎక్కడెక్కడ ఎంత మిగిలిందో కొలవండి. ఎక్కడ అరిగిందో తెలిస్తే ఎందుకు అరిగిందో చాలావరకు తెలిసిపోతుంది.

నేను మిషిగన్ రాష్ట్రపు ఎగువ ద్వీపకల్పంలో, హౌటన్ పరిసరాల్లో ఉంటాను. సుపీరియర్ సరస్సు పుణ్యమా అని ఇక్కడ చలికాలంలో పడే మంచు చాలా ఏళ్లు మొత్తం 5 మీటర్లు దాటుతుంది. అంత మంచున్న చోట కూడా స్లైడ్‌లు కాల్చుకున్నవాణ్ణి కనుక ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

స్లైడ్ అనేది చాలా ఎక్కువ అణుభారం గల పాలిథిలీన్‌తో చేసిన పట్టీ. అల్యూమినియం రెయిల్ అడుగున ఇది అమరి ఉంటుంది, ట్రాక్‌కు ఉన్న ఉక్కు క్లిప్పులు దీని మీద రాసుకుంటూ పరుగెత్తుతాయి. ఆ ప్లాస్టిక్ సుమారు 130 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. బండి ఇరుసుకు కందెన ఎలాగో దీనికి మంచు అలాంటిది: రాపిడికి కరిగి పలుచని నీటి పొరగా మారి జారుడునూ చల్లదనాన్నీ రెండింటినీ అదే ఇస్తుంది. మెత్తటి మంచులో వేల మైళ్లు మన్నే స్లైడ్, గట్టిపడిన మంచుగడ్డ మీదనో మంచు చెరిగిపోయిన తారురోడ్డు మీదనో కొద్ది మైళ్లలోనే పాడైపోతుందంటే కారణం ఇదే.

కొన్నేళ్ల క్రితం మార్చి నెలలో ఒక ఉదయం, హౌటన్ నుంచి దక్షిణంగా వెళ్లే బిల్ నికోల్స్ ట్రెయిల్ మీద నాకు ఇది అనుభవంలోకి వచ్చింది. అది ఒకప్పటి రైలు మార్గం కనుక మలుపులు తక్కువ, వేగం తెలియకుండానే పెరుగుతుంది. ముందురోజు ఎండకు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి అద్దంలా ఉంది. మొదట ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా పైకి పోయింది, నేను పట్టించుకోలేదు. తర్వాత ప్లాస్టిక్ బకెట్ కాలినట్టు వాసన వచ్చింది. వెంటనే బండి ఆపేశాను, అదే నేను చేసిన పెద్ద తప్పు. పది నిమిషాల తర్వాత బయలుదేరబోతే బండి కదలలేదు. ఇస్త్రీపెట్టెకు అంటుకున్న పాలిథిన్ కవరులా స్లైడ్ క్లిప్పులకు కరుచుకుపోయింది. వెనుక భాగాన్ని రెండు మూడు సార్లు ఎత్తి దించితే గానీ అది ఊడిరాలేదు. అప్పుడు నేను చేయవలసింది, ఆగకుండా వేగం తగ్గించి, దారి అంచున ఉన్న మెత్తటి మంచులోకి ట్రాక్‌ను దించి కొంతదూరం నడపడం. ఇంజను ద్రవంతో చల్లబడే (లిక్విడ్ కూల్డ్) బండి అయితే ఆ ఉష్ణోగ్రత ముల్లే మీకు మొదటి హెచ్చరిక, ఎందుకంటే ట్రాక్ పైకి చిమ్మే మంచే ట్రాక్ పైన కప్పులా ఉండే టన్నెల్ కింద కూలెంట్‌ను చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్‌నూ స్లైడ్‌లనూ చల్లబరుస్తుంది, ఒకదానికి మంచు అందడం లేదంటే రెండోదానికీ అందడం లేదనే అర్థం.

ఇక పాత స్లైడ్ దగ్గరకు వద్దాం. మొత్తం పొడవునా సమానంగా అరిగి, అడుగు భాగం కరిగి మెరుస్తుంటే అది మంచు కరువు; దానికి మందు ఐస్ స్క్రాచర్లు. రెయిల్‌కు బిగించే ఈ స్ప్రింగు కొక్కేలు గడ్డను గీకి, ఆ పొడిని ట్రాక్ లోపలికి చిమ్ముతాయి. నేను పెట్టిన డబ్బుకు ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చిన సామాను మరొకటి లేదు. అయితే రివర్స్ చేసేటప్పుడు వాటిని పైకి తగిలించడం మరిచిపోతే గట్టి తీగ రకం వంగిపోతుంది లేదా విరుగుతుంది. నేను ఒకే చలికాలంలో రెండు విరగ్గొట్టి, తర్వాత వెనక్కి కూడా వంగే కేబుల్ రకానికి మారాను.

ఒక పక్క అంచు మాత్రమే కోసుకుపోయి ఉంటే ట్రాక్ సూటిగా తిరగడం లేదన్నమాట. వెనుక భాగాన్ని గట్టి స్టాండు మీద ఎత్తి, వెనుక మనుషులెవరూ లేకుండా చూసుకుని, ట్రాక్‌ను నెమ్మదిగా తిప్పి, రెండు పక్కలా స్లైడ్‌కూ క్లిప్పు కొమ్ముకూ మధ్య సందు సమానంగా ఉందో లేదో ఇంజను ఆపిన తర్వాత చూడండి. ఏ పక్క సందు తక్కువగా ఉంటే ఆ పక్క అడ్జస్టర్‌ను కొద్దికొద్దిగా బిగించాలి. దానికి ముందు ట్రాక్ బిగువు సరిచూడాలి. మా బండి మాన్యువల్ ప్రకారం ట్రాక్ మధ్యభాగాన్ని 7.3 కిలోల బలంతో కిందికి లాగినప్పుడు స్లైడ్‌కూ ట్రాక్‌కూ మధ్య 30 నుంచి 35 మిల్లీమీటర్ల సందు రావాలి. మీ మోడల్‌కు ఈ అంకెలు వేరుగా ఉంటాయి, మీ మాన్యువల్‌నే నమ్మండి. వదులుగా ఉంటే డ్రైవ్ స్ప్రాకెట్ పళ్లు దాటుకుని టకటకమంటుందనే భయంతో చాలామంది అతిగా బిగిస్తారు, దానితో స్లైడ్‌లూ బేరింగులూ రెండూ దెబ్బతింటాయి.

నా మొదటి బండిలో అసలు లోపం మరోచోట దొరికింది. వెనుక మూడో వంతు స్లైడ్ దాదాపు కొత్తదిలా ఉండగా, ముందు రెయిల్ పైకి వంగే చోట మాత్రం సగం మందం కూడా మిగలలేదు. పాత యజమాని, సస్పెన్షన్ ముందు చేయి ఎంతవరకు దిగాలో ఆపే ముందు లిమిటర్ పట్టీని బాగా వదులు చేసి ఉంచాడు. దానితో ముందు చేయి కిందికి దిగి, బరువంతా ఆ వంపు మీదే పడింది. పట్టీని ఒక రంధ్రం మేర కురుచ చేశాను. హ్యాండిల్ కాస్త బరువెక్కింది గానీ ఆ చోట అరుగుదల స్పష్టంగా తగ్గింది. మీ బండి కూడా చేతులు మారినదే కనుక ఈ పట్టీని తప్పక చూడమంటాను. అలాగే ఇప్పుడున్న చక్రాలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడండి. బేరింగు పట్టేసినా, చక్రం చుట్టూ ఉండే రబ్బరు కొన్ని మిల్లీమీటర్లు అరిగినా, అది మోయవలసిన బరువు స్లైడ్ మీదకు దిగుతుంది. ఉన్నవి సరిగా తిరగనప్పుడు అదనపు చక్రాలు కొనడం దండగ. అవన్నీ సరిచేసిన తర్వాత కూడా మీరు ఎక్కువగా గట్టి ట్రెయిళ్ల మీదనే తిరిగేవారైతే అప్పుడు ఒక జత చేర్చుకోవచ్చు.

గ్రాఫైట్ స్లైడ్‌ల గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు, కానీ తప్పుగా అమర్చిన సస్పెన్షన్‌లో అవీ అరుగుతాయి, కాకపోతే ఎక్కువ ఖరీదుతో అరుగుతాయి.

క్లిప్పుల పదును విషయం మాత్రం కొత్త స్లైడ్‌లు వేయకముందే తేల్చుకోవాలి. ట్రాక్‌ను ఒక్కో క్లిప్పు చొప్పున తిప్పుతూ, చేతికి తొడుగు వేసుకుని, లోపలి ముఖం మీద వేలు రాయండి; గుడ్డ ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ అంచును సన్నటి ఆకురాయితో నునుపు చేయండి. వంగినవీ పలచబడినవీ మార్చేయండి. నేను మొదటిసారి ఈ పని ఎగ్గొట్టి, వంగిన మూడు క్లిప్పులను అలాగే వదిలేస్తే, కొత్త స్లైడ్ అంచున మొదటి వారాంతంలోనే రంపంతో లాగినట్టు గాడి పడింది.