హంపిలో గుడి నుంచి గుడికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

సెలవులు దగ్గర పడుతున్నాయి కదా, హంపి ప్రయాణం గురించి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలా వచ్చాయి. గుంటూరు, విజయవాడ పాఠకులు అడిగిన వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: సంక్రాంతి తర్వాత ఇద్దరు పిల్లలతో హంపి వెళ్తున్నాం. ఆటోవాళ్లు ఒక్క రోజులో అన్నీ తిప్పి చూపిస్తామంటున్నారు. మావారేమో విరూపాక్షుడి గుడి నుంచి విఠలాలయం దాకా నడుద్దామంటారు. పిల్లలు నడవగలరా అని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

మీవారు చెప్పినట్టే చేయండమ్మా, పిల్లలతోనే నడవండి. నది పక్క దారిలో వెళ్తే మొత్తం రెండు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఆటో ఆ బండల మధ్య నుంచి పోలేదు కాబట్టి కమలాపురం మీదుగా చుట్టు తిప్పి తీసుకెళ్తుంది, అంటే దగ్గరి దారి వదిలేసి దూరపు దారికి డబ్బులు కడతారు. డబ్బు సంగతి అలా ఉంచండి. విజయనగర రాజులు గుడి కట్టారంటే గర్భగుడి, గోపురం కట్టి ఊరుకోలేదు, ఎదురుగా రథం తిరగడానికి వీధి వేశారు, ఆ వీధికి రెండు పక్కలా రాతి స్తంభాలతో అంగళ్లు కట్టారు, పక్కన కోనేరు తవ్వారు, నదిలోకి మెట్లు దింపారు. ఆటో గేటు దగ్గర దింపితే ఇవేవీ మీ కంట పడవు. అంత దూరం వెళ్లి సగం గుడి చూసి వచ్చేస్తున్నవాళ్లను తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

దారి చెప్తాను. పొద్దున్నే విరూపాక్షుడి దర్శనం చేసుకోండి, అక్కడ ఇప్పటికీ నిత్యపూజలు జరుగుతాయి. తూర్పు గోపురం తొమ్మిది అంతస్తులు, దాదాపు 50 మీటర్ల ఎత్తు. మంగళగిరి గాలిగోపురం చూస్తూ పెరిగిన మనకు ఆ ఎత్తు కొత్త కాకపోవచ్చు, కానీ దాని ముందు తిన్నగా ముప్పావు కిలోమీటరు సాగే బజారు వీధి మాత్రం కొత్తే. ఆ వీధి చివర పెద్ద ఏకశిలా నంది ఉంటుంది. నంది వెనక నుంచి మెట్లెక్కి మతంగ పర్వతం పక్కగా అవతలికి దిగితే అచ్యుతరాయల గుడి వస్తుంది. నందికి కాస్త ఇవతలే ఎడమవైపు నది దారి మొదలవుతుంది. వెళ్లేటప్పుడు మెట్ల దారి, వచ్చేటప్పుడు నది దారి పెట్టుకోండి, ఎందుకంటే మెట్లు చల్లటి పూట ఎక్కేయడమే మంచిది.

అచ్యుతరాయల గుడి 1534 నాటిది. అందులో దేవుడు తిరువేంగళనాథుడు, అంటే మన తిరుమల వెంకన్నే. ఆటోలు రావు కాబట్టి జనం పెద్దగా ఉండరు, ఒకదాని లోపల ఒకటిగా రెండు ప్రాకారాలు, స్తంభాల మీద బొమ్మలు, అన్నీ తీరిగ్గా చూడొచ్చు. పిల్లలకు గుర్రాలను, యాళులను (సింహంలా ఉండే కల్పిత జంతువులు) వెతికే పని అప్పజెప్పండి, అలసట సంగతి మర్చిపోతారు. గుడి ముందు నుంచి ఉత్తరంగా నది వైపు ఇంకో బజారు సాగుతుంది, పక్కనే కోనేరు, దాని మధ్యలో చిన్న మండపం. ఇప్పుడు అక్కడ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ లేరు, వరుసగా స్తంభాలు, గడ్డి. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక ఊరు ఊరంతా ఎలా పాడుబడిపోయిందో చరిత్ర పాఠంలో చదివినదానికన్నా ఆ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే బాగా తెలుస్తుంది.

అక్కడి నుంచి నది వెంబడి తూర్పుకు తిరగండి. సుగ్రీవుడి గుహ వస్తుంది, అక్కడ బండ మీది చారలను సీతమ్మ చీర కొంగు గుర్తులని చెబుతారు. ఇంకా ముందుకెళ్తే రెండు రాతి స్తంభాలు, పైన అడ్డదూలం, అదే రాజుల తులాభారం. అది దాటితే విఠలాలయమే. తిరుగు దారిలో చక్రతీర్థం దగ్గర తుంగభద్ర వంపు తిరిగే చోట కోదండరాముడిని, ఆ పైన బండల మీద యంత్రోద్ధారక ఆంజనేయుడిని చూడండి. పూజా యంత్రం (చక్రం) మధ్యలో కూర్చున్న ఈ హనుమంతుణ్ణి మాధ్వ గురువు వ్యాసరాయలవారు ప్రతిష్ఠించారని అంటారు, ఇక్కడా పూజలు జరుగుతాయి. దారిలో షాపులు తక్కువ, మనిషికో వాటర్ బాటిల్, క్యాప్, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు ఇంటి దగ్గరే సర్దుకోండి. చీకటి పడేలోపు మాత్రం నది దారి నుంచి బయటపడాలి, ఇందులో రాజీ లేదు.

ప్రశ్న: మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిణ్ణి వదిలి వెళ్లడం మాకు ఇష్టం లేదు. ఆవిడ చూడగలిగేవి ఉన్నాయా? – ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

బోలెడు ఉన్నాయి. విరూపాక్షుడి గుడిలో మెట్ల బాధ పెద్దగా లేదు. కృష్ణుడి గుడి, లక్ష్మీనరసింహుడు, బడవిలింగం అనే పెద్ద శివలింగం, ఈ మూడూ రోడ్డు పక్కనే, ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. నరసింహుడి విగ్రహం 6.7 మీటర్లు, శ్రీకృష్ణదేవరాయల కాలంలో 1528లో చెక్కినది, కింద నిలబడి తలెత్తి చూడాల్సిందే. పక్కనే బడవిలింగం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. ఇక ఆ కృష్ణుడి గుడి మన తెలుగు నేలతో ముడిపడినది, నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గెలిచాక అక్కడి బాలకృష్ణుణ్ణి రాయలు తెచ్చి ఈ గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. అసలు విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

విఠలాలయానికి ఆవిణ్ణి ఒకరు ఆటోలో తీసుకెళ్లండి. బండ్లు ఆపే చోటు నుంచి గుడి దగ్గరికి బ్యాటరీ వాహనాలు ఉంటాయి, మిగతావాళ్లు నడిచి వచ్చి అక్కడ కలుసుకోవచ్చు. విఠలాలయంలో కొన్న టికెట్ పారేయకండి, అదే రోజు కమల మహల్ ఉన్న జెనానా (రాణివాసం) ఆవరణకు, కమలాపురం మ్యూజియానికి కూడా అది పనికొస్తుంది. జెనానా వైపు నేల చదునుగా ఉంటుంది, ఆవిడ హాయిగా తిరుగుతారు.

ప్రశ్న: ఏ ట్రైన్ ఎక్కాలి? ఏ నెలలో వెళ్లాలి? – ఒక పాఠకుడు, మంగళగిరి

హుబ్లీ వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్. విజయవాడలో గానీ గుంటూరులో గానీ రాత్రి ఎక్కితే తెల్లవారాక హోసపేటలో దిగుతారు, అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మన ఎండలు మనకు అలవాటే కదా అని ఏప్రిల్, మేలో మాత్రం వెళ్లకండి, అక్కడ చుట్టూ అన్నీ గ్రానైట్ బండలే, పైనుంచి ఎండ, కింద నుంచి సెగ. వానాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఎగువన హోసపేట దగ్గరి తుంగభద్ర డ్యామ్ గేట్లు ఎత్తితే నది ఒడ్డున ఉన్న పురందరదాసు మండపం మునిగిపోతుంది, నది దారిలో కొంత భాగం కూడా నీళ్లలోకి పోతుంది. జులై నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లేవాళ్లు బయలుదేరే ముందు డ్యామ్ వార్తలు చూసుకోండి.

ప్రశ్న: విఠలాలయంలో సంగీత స్తంభాలను మీటనివ్వరట కదా. ఇక వెళ్లి ఏం చూడాలి? – ఒక విద్యార్థి, గుంటూరు

మీటనివ్వరు, అది సరైన పనే. ఎన్నో ఏళ్లు జనం తట్టీ తట్టీ ఆ రాళ్లు దెబ్బతిన్నాయి. కళ్లతో చూడటానికే అక్కడ బోలెడంత ఉంది. 50 రూపాయల నోటు వెనక ఉన్న రాతి రథం దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడు. అది నిజానికి గరుత్మంతుడి గుడి, విఠలుడికి ఎదురుగా రథం ఆకారంలో కట్టారు. ముందున్న ఏనుగులు మొదట అక్కడివి కావు, వాటి వెనక వంగి చూస్తే పాత గుర్రాల తోకలు, వెనక కాళ్లు కనిపిస్తాయి. 1856లో గ్రీన్‌లా అనే ఇంగ్లిష్ అధికారి తీసిన ఫొటోలో రథం మీద ఇటుకల శిఖరం కూడా ఉంది, తర్వాత దాన్ని తీసేశారు. ఆ పాత ఫొటో ఫోన్‌లో దించుకుని తీసుకెళ్లు, పక్కన పెట్టి చూస్తే ఏం మారిందో నీకే తెలుస్తుంది. విరూపాక్షుడి గుడిలో ఇంకోటి అడిగి చూడు: గర్భగుడి వెనక వైపు చీకటి గదిలో గోడ మీద గోపురం తలకిందులుగా పడుతుంది. చిన్న రంధ్రం గుండా వెలుతురు తిన్నగా వచ్చి పడటం వల్ల అలా జరుగుతుంది, మీ ఫిజిక్స్ పుస్తకంలోని పిన్‌హోల్ కెమెరా అదే.

ప్రశ్న: పూజలు లేని గుళ్లలో చెప్పులు విప్పాలా? – ఒక పాఠకుడు, తాడేపల్లి

పూజలు జరిగే చోట తప్పకుండా విప్పాలి. మిగతా చోట్ల చాలామంది చెప్పులతోనే తిరుగుతారు, రాళ్లు, ముళ్లు ఉంటాయి కాబట్టి నేను తప్పు పట్టను, గర్భగుడి గడప దగ్గర మాత్రం విప్పితే బాగుంటుందని నా అభిప్రాయం. చెప్పులకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. సెల్ఫీ కోసం విగ్రహాల మీదికెక్కడం, స్తంభాలకు కాళ్లు తన్నిపెట్టి నిలబడటం. 2019లో హంపిలో రాతి స్తంభాన్ని తోసి పడేసిన కుర్రాళ్లకు కోర్టు ఒక్కొక్కరికి 70 వేల రూపాయల జరిమానా వేసి, ఆ స్తంభాన్ని వాళ్ల చేతే మళ్లీ నిలబెట్టించింది. మీ పక్కన ఎవరైనా ఎక్కుతుంటే మొహమాటపడకుండా దిగమని చెప్పండి.

ప్రశ్న: అంత దూరం వెళ్లలేం. మన దగ్గర ఇలాంటి నడక ఎక్కడైనా ఉందా? – ఒక పాఠకుడు, గుంటూరు

కొండవీడు ఉంది కదండీ! 1515లో రాయలు గెలిచిన కోట, ఆ విజయం సంగతి మంగళగిరిలోని రాతి స్తంభం మీది శాసనంలో కూడా ఉంది. కొండ మీద కోట గోడలు, చెరువులు, పాత గుళ్లు ఉన్నాయి, కింద కోట గ్రామంలో గోపీనాథస్వామి గుడి, కత్తుల బావి చూసుకుని పైకి వెళ్లొచ్చు. ఘాట్ రోడ్డు పడింది గానీ పైకి చేరాక బండి పక్కన పెట్టి నడిస్తేనే కోట ఎంత పెద్దదో అర్థమవుతుంది. విజయవాడ వైపైతే బ్యారేజీ దాటి ఉండవల్లి. నాలుగు అంతస్తులుగా కొండను తొలిచిన గుహలు, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి పెద్ద విగ్రహం. దానితో పాటు ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలు, ఊళ్లోనే మొగల్రాజపురం గుహలు కూడా కలుపుకుంటే ఆదివారం పొద్దుటి పూట సరిపోతుంది, వీటి మధ్య దూరాలకు మాత్రం బస్సో ఆటోనో ఎక్కక తప్పదు.