బెంగళూరులో మొదటి కాన్పుకు డౌలాను పెట్టుకోవచ్చా?

ఏడో నెల నడుస్తోందనీ, వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నామనీ, ఒంగోలు నుంచి అమ్మ తొమ్మిదో నెలలో గాని రాలేదనీ రాశారు. డౌలాను, అంటే కాన్పు పొడవునా పక్కనే ఉండి ధైర్యం చెప్పే, శిక్షణ పొందిన తోడు మనిషిని, పెట్టుకుంటే సిజేరియన్ తప్పుతుందా అని మీరు అడుగుతున్నారు. డాక్టరు ఉండగా ఆవిడ ఎందుకని మీ అత్తగారు అడుగుతున్నారు. మా అమ్మాయి మొదటి కాన్పు బెంగళూరులోనే డౌలా తోడుతో జరిగింది. నేను కర్నూలు నుంచి వచ్చి ఆ రాత్రంతా వాళ్లతోనే ఉన్నాను కాబట్టి చూసినది చెప్పగలను. సిజేరియన్ తప్పించే హామీగా మాత్రం డౌలాను పెట్టుకోకండి. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ చేతికి వచ్చేదాకా, మీ కోసమే ఒక మనిషి పక్కన కదలకుండా ఉండాలని అనిపిస్తే పెట్టుకోండి. మా అమ్మాయికి చివరికి సిజేరియనే అయింది. అయినా డౌలాకు ఇచ్చిన డబ్బు దండగ అని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

మీ అత్తగారి సందేహం సహజమైనదే. డౌలా వైద్యం చేసే మనిషి కాదు. లోపలి పరీక్ష చేయదు, బి.పి. చూడదు, మందు ఇవ్వదు, పురుడు పోయదు. పూర్వం మన ఊళ్లలో కాన్పులు చేసిన మంత్రసానితో గాని, ఇప్పుడు నర్సింగ్ చదివి ఆసుపత్రుల్లో కాన్పులు చేస్తున్న మిడ్‌వైఫ్‌తో గాని ఆవిడను కలిపి చూడకూడదు. అయితే డాక్టరుగారు మధ్యమధ్య వచ్చి చూసి వెళ్లి, కాన్పు దగ్గర పడ్డాకే వచ్చి నిలబడతారు. నర్సు ఒకే సమయంలో ఇద్దరు ముగ్గురిని చూసుకోవలసి రావచ్చు, డ్యూటీ మారగానే ఆమె కూడా మారిపోతుంది. మధ్యలో మిగిలే ఆ పొడుగాటి గంటలే డౌలా పని. మనిషి బాగా భయపడినప్పుడు ఒంట్లో పెరిగే అడ్రినలిన్, గర్భసంచిని బిగించి నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌కు అడ్డు తగులుతుంది. కనుక పక్కన ధైర్యం చెప్పే మనిషి ఉండడం మనసుకే కాదు, కాన్పు సాగడానికి కూడా పనికివస్తుంది.

మా అమ్మాయికి నొప్పి అంతా నడుములోనే వచ్చింది. బిడ్డ తల వెనకభాగం తల్లి వెన్నెముక వైపు ఉన్నప్పుడు ఇలా రావచ్చని డౌలా చెప్పింది. వెల్లకిలా పడుకోవడం మాన్పించి, మంచం మీద చేతులు ఆనించి ముందుకు వంగి నిలబడమంది. నొప్పి మొదలవుతోందని అమ్మాయి తల ఊపగానే, తుంటి ఎముకలను రెండు పక్కల నుంచీ అరచేతులతో గట్టిగా లోపలికి నొక్కి పట్టి, నొప్పి దిగేదాకా వదిలేది కాదు. కొంతసేపటికి నా చేతులు పట్టుకుని సరిగ్గా అదే చోట పెట్టి, "ఇంకా గట్టిగా నొక్కండమ్మా, ఆమెకు హాయిగానే ఉంటుంది" అంది. ఆవిడ కోలారు వైపు మనిషి, చక్కటి తెలుగు మాట్లాడేది. నర్సులు కన్నడంలో చెప్పింది నాకు అప్పటికప్పుడు వివరించేది. ఏం చేయాలో తోచక గోడకు ఆనుకుని నిలబడిపోయిన మా అల్లుడికి, నొప్పికీ నొప్పికీ మధ్య గుక్కెడు కొబ్బరినీళ్లు తాగించే పని అప్పగించింది. డౌలా వస్తే కన్నతల్లికి చోటు ఉండదేమోనన్న బెంగ మీ అమ్మగారికి ఉంటే, ఈ సంగతి ఆమెకు చెప్పండి.

తెల్లవారుజామున నొప్పులు మందగించాయని, నొప్పులు పెంచే మందు డ్రిప్ పెడతామని డ్యూటీ డాక్టరు అన్నారు. డౌలా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. "డాక్టరుగారిని ఏమైనా అడగాలనుకుంటున్నావా?" అని అమ్మాయినే అడిగింది. బిడ్డ బాగానే ఉందా, ఇంకొంతసేపు ఆగితే ఏమవుతుంది అని అమ్మాయి అడిగింది, కొంత సమయం దొరికింది, ఆ తరువాతే డ్రిప్ పెట్టారు. ఉదయానికి బిడ్డ గుండె చప్పుడు పదేపదే పడిపోతోందని, ఇక ఆపరేషన్ చేయాలని డాక్టరుగారు చెప్పినప్పుడు, డౌలా ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. థియేటర్‌లో ఏమేమి జరుగుతుందో అమ్మాయికి రెండు ముక్కల్లో చెప్పి, తలుపు దాకా చెయ్యి పట్టుకుని నడిచింది. బయటికి తెచ్చాక, కుట్ల మీద భారం పడకుండా బిడ్డను పక్కగా పట్టుకుని పాలివ్వడం చూపించింది. డాక్టరుతో వాదించి నార్మల్ చేయిస్తానని చెప్పే డౌలా మీకు ఎదురైతే, ఆవిడను వద్దనుకోండి.

సిజేరియన్ గురించి మనవాళ్లు ఇంత భయపడడానికి కారణం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు కర్ణాటకలో 31.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ఇక కాన్పు పొడవునా తోడు ఉండడంపై 17 దేశాల్లో, 15 వేల మందికి పైగా స్త్రీలపై జరిగిన 26 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను కూడగట్టి తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2017లో ఒకచోట చేర్చి చూసింది. అలాంటి తోడు ఉన్నవారిలో సిజేరియన్లు సుమారు పావు వంతు తక్కువ, కాన్పు సమయం సగటున 40 నిమిషాలు తక్కువ. ఇవి వేలమంది మీద తేలిన సగటులు. మీ ఒక్కరి కాన్పు ఎలా జరుగుతుందో వీటిని బట్టి ఎవరూ చెప్పలేరు. కాన్పు సమయంలో స్త్రీ కోరుకున్న మనిషి తోడుండాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని అదే పత్రంలో ఉంది.

బెంగళూరులో అసలు చిక్కు ఆసుపత్రి అనుమతి దగ్గర వస్తుంది. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు భర్తతో పాటు డౌలాను కూడా రానిస్తాయి. కొన్ని ఒక్కరినే అంటాయి. అప్పుడు భర్తా, అమ్మా, డౌలానా అని ఆఖరి నిమిషంలో మీరు తేల్చుకోవలసి వస్తుంది. డాక్టరుగారిని నోటిమాటగా అడిగితే చాలదు, లేబర్ వార్డు ఇన్‌చార్జిని కూడా అడిగి, వీలైతే ఈమెయిల్‌లో రాయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయంలో ఒక తోడును అనుమతించాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది; కాన్పు అనుభవం ఉన్న బంధువు అయితే మంచిదని, మిగతా స్త్రీలకు మరుగు ఉండేచోట భర్తను కూడా అనుమతించవచ్చని వాటిలో ఉంది. తమిళనాడు ఈ పద్ధతిని ఇంకా ముందే, 2004లోనే మొదలుపెట్టింది.

మన దేశంలో డౌలాలకు ప్రభుత్వ లైసెన్సు లేదు. కాబట్టి శిక్షణ ఎక్కడ పొందారో, మీ ఆసుపత్రిలో ఇంతకు ముందు పనిచేశారో లేదో అడగండి, ఆవిడ సాయం పొందిన ఒకరిద్దరు తల్లులతో ఫోన్‌లో మాట్లాడండి. అదే రోజు ఆవిడకు మరో కాన్పు వస్తే ఎవరిని పంపుతారో తప్పకుండా అడిగి, ఆ రెండో మనిషిని కూడా ముందే కలవండి. మీరు ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తుమందు) తీసుకుంటానంటే ఆవిడ ముఖం ఎలా పెడుతుందో గమనించండి. మీ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోని మనిషి ఆ గదిలో ఉండకూడదు. ఇక డబ్బుకు ఇబ్బంది అయితే, కాన్పుకు సిద్ధపరిచే తరగతులకు మీవారితో కలిసి వెళ్లి, ఒంగోలులో ఉన్న అమ్మగారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. నడుము ఎక్కడ నొక్కాలో ఆమె అక్కడినుంచే చూసి నేర్చుకుంటారు.