అవుట్‌బ్యాక్ మలుపులో పట్టేస్తోందా? ముందు టైర్లు చూడండి

మేకు దిగి ఒక్క టైరే మార్పించాక, పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మీ సెకండ్ హ్యాండ్ సుబారు అవుట్‌బ్యాక్ ఎవరో వెనక్కి లాగినట్టు కుదుపుతోందన్నారు కదండీ. అప్పుడే గేర్‌బాక్స్ అని టెన్షన్ పడకండి. నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదని సుబారు చెబుతుంది. అంటే ట్రెడ్ (టైరు మీది గాడుల) లోతులో దాదాపు 1 మి.మీ. మాత్రమే! పెద్ద టైరు నెమ్మదిగా తిరుగుతుంది. ఈ కారులో ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పుతుంది కాబట్టి, ఆ తేడానంతా ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే లోపలి క్లచ్ ప్లేట్లు రాసుకుంటూ భరించాలి.

గేజ్‌తో నాలుగూ కొలవండి. పాతవి సగం అరిగి ఉంటే నాలుగూ మార్చేయడమే మేలు, జేబుకు చిల్లే అనుకోండి. కొద్దిగానే అరిగి ఉంటే కొత్తదాన్ని ఆ లోతుకు చెక్కి ఇచ్చేవాళ్లు అమెరికాలో ఉన్నారు. అప్పటికీ పట్టేస్తుంటే గేర్‌బాక్స్ ఆయిల్, ఆ క్లచ్ మెకానిక్‌కి చూపించండి. అన్నట్టు, పొడి నేల మీదే తిప్పి చూడండి. తడి మీద టైర్లు జారిపోయి లోపం బయటపడదు.