కొత్తగా బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్ బాధ్యత వచ్చినవారికి

అటానమస్ (సిలబస్ తానే రూపొందించుకునే) డిగ్రీ కాలేజీలో కొత్తగా విభాగాధిపతి అయ్యారు, సిలబస్ మార్చాలి, బోర్డ్ ఆఫ్ స్టడీస్ (బిఓఎస్, అంటే విభాగం సిలబస్‌ను నిర్ణయించే కమిటీ) మీటింగ్ పని ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. వైస్ చాన్సలర్ (వీసీ) తరఫు సభ్యుడి కోసం యూనివర్సిటీకి రాసే లేఖతో మొదలుపెట్టండి.

యూజీసీ నిబంధనల ప్రకారం బిఓఎస్‌లో మీరు చైర్మన్, మీ విభాగం అధ్యాపకులు సభ్యులు. అకడమిక్ కౌన్సిల్ (సిలబస్‌కు తుది ఆమోదం ఇచ్చే కాలేజీ మండలి) నామినేట్ చేసే ఇద్దరు నిపుణులు అనుబంధ యూనివర్సిటీకి బయటివారై ఉండాలి. ప్రిన్సిపాల్ పంపే ఆరు పేర్లలోంచి వైస్ చాన్సలర్ ఒకరిని ఎంపిక చేస్తారు. వీరికి తోడు పరిశ్రమ నుంచి ఒకరు, పీజీ చేసిన ప్రతిభగల పూర్వ విద్యార్థి ఒకరు. ఆలస్యమయ్యేది వీసీ నామినీ దగ్గరే. ఫైలు యూనివర్సిటీలో కదలడానికి వారాలు పడుతుంది కాబట్టి రెండు నెలల ముందే ఆరు పేర్లూ పంపండి. పదవీ విరమణకు దగ్గరపడ్డవారి పేర్లు పెట్టకండి, మధ్యలో మళ్లీ మొదటికొస్తుంది.

మీటింగ్ తేదీని అకడమిక్ కౌన్సిల్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి నిర్ణయించుకోండి. బిఓఎస్ ఒప్పుకున్నంత మాత్రాన సిలబస్ అమల్లోకి రాదు. కౌన్సిల్ దాన్ని పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, కారణాలు చెప్పి తిరస్కరించనూ వచ్చు. 'తర్వాత రాటిఫై చేయించుకుందాంలే' అని క్లాసులు మొదలుపెట్టేస్తే, కౌన్సిల్ వెనక్కి పంపిన రోజున సగం పాఠాలు విన్న పిల్లల గతి ఏమిటి? ఇది నిజంగా బాధ కలిగించే తప్పు. రెండు సమావేశాల మధ్య కనీసం మూడు వారాలు ఉంచుకోండి.

డ్రాఫ్టు బయటి సభ్యులకు పది రోజుల ముందే చేరాలి. దానితో మూడు గడుల పట్టిక జతచేయండి: పాత అంశం, కొత్త అంశం, మార్పుకు కారణం. రేపు నాక్‌కు (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) సిలబస్ మార్పు చూపించాలన్నా ఇదే పనికొస్తుంది. గంటల లెక్క కూడా చూసుకోండి. థియరీలో ఒక క్రెడిట్‌కు 15 గంటలు, ప్రాక్టికల్‌కు 30. నాలుగు క్రెడిట్ల పేపరంటే 60 గంటలు, ఐదు యూనిట్లయితే యూనిట్‌కు 12. ఇంటర్నల్ పరీక్షలు, సెలవులు తీసేస్తే పదే మిగులుతాయి. ఆ పదింటికి సరిపడా పాఠమే రాయండి. కొత్త అంశం చేర్చిన ప్రతిసారీ ఒక పాతది తీసేయాల్సిందే, లేకపోతే అయిదో యూనిట్ ఏ ఏడాదీ పూర్తి కాదు. మోడల్ ప్రశ్నపత్రం కూడా అదే రోజు ఆమోదం పొందాలి.

మీటింగులో పరిశ్రమ ప్రతినిధిని, పూర్వ విద్యార్థిని ముందు మాట్లాడనివ్వండి. ప్రొఫెసర్లు మొదలుపెట్టాక వాళ్లు నోరు విప్పరు. ఎవరైనా అభ్యంతరం చెబితే దాన్ని ఉన్నదున్నట్టు మినిట్స్‌లో (సమావేశ నివేదికలో) రాయండి. సంతకాలు అక్కడే, రాసిన పేజీ మీదే తీసుకోండి. ఖాళీ కాగితం మీద ఎప్పుడూ వద్దు.

తీర్మానంలో 'సిలబస్ ఆమోదించడమైనది' అని వదిలేస్తే చాలదు. ఏ సంవత్సరంలో చేరే బ్యాచ్ నుంచి, ఏ సెమిస్టర్, ఏ కోడ్ పేపరు అనేది రాయాలి. సిలబస్ మారితే కోడ్ కూడా మార్చండి. పాత కోడే ఉంచితే బ్యాక్‌లాగ్ (పాత పేపరు తప్పి మళ్లీ రాసే) విద్యార్థి చేతికి తాను చదవని ప్రశ్నపత్రం వస్తుంది. పాత పేపరుకు సమానమైన కొత్త పేపరు ఏది, పాత సిలబస్‌తో ఇంకా ఎన్నిసార్లు పరీక్ష పెడతారు అన్న పట్టికను మినిట్స్‌కు జతచేసి, ఒక ప్రతి పరీక్షల విభాగానికి ఇచ్చి రసీదు తీసుకోండి.