మధ్యలో ఆగిన ఇళ్లకు రాష్ట్రం నుంచి నిధులు పెంచమని ఎలా అడగాలి?

కాలనీలో సగం ఇళ్లు పునాదుల దగ్గరే ఆగాయి, ఎమ్మెల్యేకి అర్జీ ఇచ్చినా కదలిక లేదు అంటున్నారు కదా, మాదీ అదే కథ. నెల్లూరు జిల్లాలో పెన్నా ఒడ్డు ఊరు మాది. యానాదుల (ఎస్టీల) కాలనీకి స్థలాలిచ్చింది పల్లంలో, కార్తీకంలో వాన పడితే మోకాలి లోతు నీళ్లు. మెరక తోలించి పునాది లేపేసరికే చేతిలో డబ్బు అయిపోయింది. బిల్లేమో బేస్‌మెంట్ అయ్యాకే పడుతుంది, అప్పటిదాకా కూలి చేసుకునేవాళ్లు ఎక్కడినుంచి తెస్తారు, నూటికి మూడు రూపాయల వడ్డీకే.

సోమవారం అర్జీలకు మూడుసార్లు వెళ్లి 'ఇళ్లు పూర్తి చేయించండి సార్' అని రాసిచ్చాం. సమస్య పరిష్కరించాం అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, గోడలు మాత్రం మొండిగానే ఉన్నాయి! చివరికి మా ఊరి రిటైర్డ్ మాస్టారు 'ఏం కావాలో మీకే తెలియకపోతే ఎట్టా అడుగుతారయ్యా' అని తిట్టారు. రెండు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశాం. 58 ఇళ్లలో 31 పునాదిలోనే, మెరకకు ఎవరికెంత అయిందో కూడా.

పీఎంఏవై గ్రామీణ్ అనే కేంద్ర ఇళ్ల పథకం కింద మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. ఆ రేటు ఎమ్మెల్యే చేతిలో లేదు. దాని పైన ఎంత కలపాలన్నది మాత్రం అమరావతిలో తేలుతుంది. 2025 మార్చిలో ఆగిన ఇళ్లకు అదనంగా ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు ప్రకటించింది రాష్ట్రమే. ముందు మీవాళ్లలో అది ఎవరికి పడలేదో తేల్చండి. మీ ఊరి సచివాలయంలో చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంకోటి, మేము ఏప్రిల్లో వెళ్లి నాలిక కరుచుకున్నాం, రాష్ట్ర బడ్జెట్ అప్పటికే పాసైపోయింది. మీరు నవంబర్, డిసెంబర్‌లోనే ఎమ్మెల్యేని కలవండి. ఒకే పేజీ, రెండే కోరికలు: పల్లపు స్థలాలకు మెరక ఖర్చు, పునాదికి ముందే కొంత డబ్బు. వీటిపై అసెంబ్లీలో ప్రశ్న వేయమని అడగండి. మాకు మెరక డబ్బు ఇంకా రాలేదు, 31లో 19 మందికి అదనపు సాయం మాత్రం పడింది.

అన్నట్టు, ఆ లెక్కల కాగితాన్ని ఆధార్ నంబర్లతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మేము పెట్టాం, ఆ గొడవ వేరే.